తప్పుల మాస్టారు

"మేడమ్, మీకు లెక్కలంటే ఇష్టం ఎలా పుట్టింది?"

ముందు వరుసలోని అమ్మాయి లేచి అడిగింది.

బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన గణిత ప్రొఫెసర్ మైకు దగ్గరకు లాక్కుంది. ఆమె చదువుకున్నదీ ఆ బడిలోనే.

"కోపంతో పుట్టింది."

పిల్లలు గొల్లున నవ్వారు.

"నిజం! మా సెక్షన్‌కో లెక్కల మాస్టారు వచ్చేవారు. రోజూ బోర్డు మీద ఎక్కడో ఒకచోట తప్పు చేసేవారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మార్చడం మరిచిపోయేవారు. తప్పుల మాస్టారని పేరు పెట్టాం. నేను మూల బెంచీలో మూగదానిలా కూర్చునేదాన్ని. కానీ కళ్లెదుట తప్పు కనబడుతుంటే ఎంతసేపని నోరు మూసుకుంటాం? ఒకరోజు 'తప్పు సార్' అనేశాను. అంతే, రుచి మరిగాను. రేపు ఎక్కడ దొరుకుతారా అని పాఠమంతా ఇంట్లోనే చేసుకొచ్చేదాన్ని."

"ఆయనేమనేవారు మేడమ్?"

"ఏమంటారు, పాపం! ఇన్‌స్పెక్షన్ రోజున కూడా తప్పు రాశారు మహానుభావుడు. అందరి ముందూ దిద్దాను. ఇన్‌స్పెక్టర్ గారు నా భుజం తట్టారు. మాస్టారిని లెక్కలు మాన్పించి లైబ్రరీలో కూర్చోబెట్టారు."

హాలంతా నవ్వులు. చివరి వరుసలో ఒక ముసలావిడ మాత్రం నవ్వలేదు.

సభ ముగిశాక ఆవిడే మెట్ల దగ్గర ఎదురుపడింది.

"బాగా మాట్లాడావు తల్లీ. నేను ఆ తప్పుల మాస్టారి భార్యని."

ప్రొఫెసర్ ముఖం కందిపోయింది.

"అయ్యో! సరదాకి అన్నానమ్మా... మాస్టారు ఎలా ఉన్నారు?"

"పోయారు. మొన్న వానల్లో."

ప్రొఫెసర్ చేతులు జోడించింది. తర్వాత అడిగింది.

"మళ్ళీ లెక్కలు చెప్పనిచ్చారా?"

"ఎక్కడమ్మా! రిటైరయ్యేదాకా ఆ లైబ్రరీలోనే. ఇంటి దగ్గరైనా చెబుదామనుకున్నారు. తప్పుల మాస్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు?"

ఆవిడ ఒక మెట్టు మీద కూర్చుంది.

"పక్క సెక్షన్లో ఆయన ఎన్నడూ తప్పు రాయలేదు, తెలుసా?"

"అదేంటి?"

"ఇంటికొచ్చి మర్నాటి తప్పు వెతుక్కునేవారు. 'మరీ తేలికైతే అందరూ పట్టేస్తారు. మూల బెంచీ పిల్లకే దొరకాలి. దాని బుర్రలో ఎంత ఉందో దానికే తెలీదు, నోరు విప్పదు' అనేవారు. మంచి తప్పు దొరికిన పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు."

ప్రొఫెసర్ ఆవిడ పక్కనే కూర్చుంది.

"మరి... ఇన్‌స్పెక్షన్ రోజు?"

"బోర్డు మీద తప్పు రాసేశాక, ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చాడు. డస్టర్ ఈయన చేతిలోనే ఉందట. 'తుడిచేస్తే పోయేది కదండీ, పరువు దక్కేది' అని ఏడ్చాను."

"ఏమన్నారు?"

"'ఆ పిల్ల అప్పటికే లేచి నిలబడిందే... ఎలా తుడవను?' అన్నారు."