పన్నెండో పిల్లి

మూడు రోజులుగా అదే వరస. బోను తలుపు పడి ఉంటుంది, చేపముక్క మాయం. పిల్లి మాత్రం ఉండదు.

టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

పాత కాగితాల గోడౌనులో పన్నెండు పిల్లులు. పొద్దున్నే బోను పెట్టాలి. పడ్డదాన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. గుర్తుగా చెవి కొస కత్తిరించాక, కోలుకోనిచ్చి, మళ్ళీ తెచ్చి అక్కడే వదలాలి. జీతం లేని ఈ చాకిరీకి ఆవిడ కుట్టుమిషను రెండు నెలలుగా సగంపూట మూతేసుకునే ఉంటోంది.

పదకొండయ్యాయి. మిగిలింది బూడిదరంగుది ఒక్కటే.

“రేపటిలోగా కాకపోతే అన్నింటినీ గోనెసంచుల్లో కట్టి ఏటి అవతల పారేయిస్తారట ఓనరుగారు,” అన్నాడు సూపర్‌వైజరు. “పులిని పట్టడానిక్కూడా ఇంతసేపు పట్టదు మేడమ్.”

మర్నాడు పొద్దున గంట ముందే వచ్చి, కాగితాల కట్టల చాటున నక్కి కూర్చుంది టైలరమ్మ.

ఠప్పుమంది బోను.

అమ్మయ్య అనుకుని లేచేలోపే, గోడౌను ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పడేసి వచ్చి తలుపు పైకెత్తింది. పిల్లి తుర్రుమంది.

“ఓహో! ఇన్నాళ్ళూ నువ్వా?”

ఆవిడ ఉలిక్కిపడింది. “దీన్నొక్కదాన్నీ ఓ నెల్లాళ్ళు వదిలెయ్యండమ్మా.”

“నెల్లాళ్ళా? గడువు ఇవాళే! దీనొక్కదాని కోసం పదకొండూ సంచుల్లో పోవాలా?”

“అదికాదమ్మా...”

కేకలకి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. అతన్ని చూడగానే ఆవిడ నోరు మూతపడింది.

“చెప్పు! ఎందుకు వదిలావు?” అంది టైలరమ్మ.

ఆవిడ వంగి చీపురు అందుకుని మళ్ళీ ఊడవసాగింది.

“చూశారా పొగరు! ఈవిడుంటే నా వల్ల కాదండీ. ఈవిడో నేనో, తేల్చండి.”

తేల్చడానికి సూపర్‌వైజరుకి ఎంతోసేపు పట్టలేదు. ఊడ్చేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఊరికే పిల్లుల్ని పట్టేవాళ్ళు దొరకరు.

ఊడ్చే ఆవిడ చీపురు గోడకానించి, మూల కట్టల వెనకనించి పాత దుప్పటి మూట తీసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికల్లా బూడిదరంగుది ఏదో పోగొట్టుకున్నదానిలా గోడౌనంతా తిరిగి తిరిగి, చివరికి బోనులో పడింది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఊడ్చే ఆవిడ కనబడేసరికి టైలరమ్మకి మళ్ళీ ఒళ్ళు మండింది.

“ఇక్కడికీ తయారయ్యావూ? తగువు పెట్టుకోడానికా?”

“తగువేంటమ్మా. దీన్నిక్కడికే తెస్తారని వచ్చా.”

ఒళ్ళోని పాత దుప్పటి మడతలు విప్పింది.

నాలుగు కూనలు. ఇంకా కళ్ళయినా తెరవలేదు.

బోనులో బూడిదరంగుది ఊచల సందున మూతి దూర్చి ఒకటే అరుపు.

టైలరమ్మ బెంచీ మీద కూలబడింది. “ఈ మాట అక్కడే చెప్పొచ్చుగా!”

“ఆయన ముందా? పిల్లలున్నాయంటే గేటు బయటికి విసిరేయించేవాడు. కిందటిసారి అదే చేశాడు.”

డాక్టరమ్మ వచ్చి బోనులోకి తొంగి చూసింది. “పాలిచ్చే తల్లి. ఇప్పుడు ఆపరేషన్ కుదరదు. నెల పైనే పడుతుంది. అందాకా ఇంట్లో పెట్టుకుని తల్లినీ పిల్లల్నీ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఎవరు చూస్తారు?”

టైలరమ్మ కళ్ళముందు కుట్టాల్సిన బట్టల గుట్ట మెదిలింది.

“నేను చూస్తాలెండి,” అంది ఊడ్చే ఆవిడ, కూనల్ని ఒక్కొక్కటే బోను దగ్గరికి జరుపుతూ. “నాకిప్పుడు పగలంతా ఖాళీయేగా.”