నిలువు గీతల కాగితం

చొక్కా ఉతకబోతే జేబులో కాగితం దొరికింది. ఆడరాత.

"గడ వేస్తే నీరు చీలె, గడ తీస్తే నీరు కలిసె,
దోనె ముక్కు తిరిగెనే, నీ దీపమున్న గట్టుకు."

మధ్యమధ్య ఎర్రసిరాతో నిలువు గీతలు. సలోమి కళ్ళతోనే నాలుగుసార్లు చదివింది. గడ, నీరు, దోనె. కొల్లేటి చేపల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసే మొగుడికి ఇవేం కొత్త? ఆ గీతల మీదే ఆమె అనుమానం. అవి దేనికి గుర్తులో!

"ఈ రాత ఎవరిదండీ?"

సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఫోనులో మెసేజ్: "ఏం లేదు. నమ్ము."

నమ్మమని అడిగేవాణ్ణి నమ్మకూడదని సలోమికి గట్టి నమ్మకం.

ఆదివారం ఆరాధన అయ్యాక, పక్కింటి హన్నమ్మత్త చెవిలో ఊదింది. "మీ ఆయన్ని తమ్మిలేరు గట్టు మీద చూశానమ్మా, ఉషశ్రీ టీచరింటి దగ్గర. మూడు వారాల్నించీ ఇదే వరస."

గట్టు! సలోమికి ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళ కాపురం ఒక కాగితం ముక్కతో పోతుందా? భయం కూడా వేసింది. అప్పటికప్పుడు ఆటో ఎక్కింది.

టీచరింటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఉషశ్రీ గొంతు. "తొందరొద్దండీ. గీత దగ్గర ఊపిరి తీసుకోండి. దోనె నడిపినట్టే చదవండి."

తర్వాత మగగొంతు. నిండుగా, నింపాదిగా.

"గడ వేస్తే నీరు చీలె..."

సుకుమార్ కాదు, అనుకుంది సలోమి. ఎవరో పరాయివాడు. అనవసరంగా మనిషిని అనుమానించానని సిగ్గుపడింది. మరి కాగితం ఆయన జేబులోకి ఎలా వచ్చినట్టు? వీళ్ళ మధ్య ఉత్తరాలు మోస్తున్నాడా?

తలుపు తోసి కడిగెయ్యాలనుకుంది. చెయ్యి లేవలేదు. కాగితం మీద ఉత్త మాటలుగా పడి ఉన్నవి ఆ గొంతులో కదులుతున్నాయి. "చీలె" అన్నప్పుడు గడ దిగింది. "కలిసె" అన్నప్పుడు నీళ్ళు మూసుకున్నాయి. కాళ్ళ కింద దోనె ఊగినట్టయింది, నాచు వాసన కూడా వచ్చింది. అటు గట్టు మీద దీపం పట్టుకుని తనే నిలబడ్డట్టనిపించి ఏడుపొచ్చింది.

తనకోసం ఎవరు చదువుతారు ఇలా? ఏ అదృష్టవంతురాలి కోసమో ఇది!

గొంతు ఇంకో పాదం అందుకుంది. ఇది కాగితంలో లేదు. సలోమి ఇక ఆగలేక తలుపు తోసింది.

చాప మీద కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ, తొమ్మిదేళ్ళలో నత్తి ఒక్కసారి కూడా పూర్తిగా పలకనివ్వని ఆమె పేరును, సుకుమార్ తడబడకుండా పలుకుతున్నాడు.