గీత మీద పడ్డ బంతి

మోకాలి ఆపరేషనై ఇంట్లో కూర్చున్న డెస్మండ్‌కు కూతురు టీవీలో ఆడుకునే టెన్నిస్ ఆట కొనిపెట్టింది. అచ్చం అసలు ఆటలాగే ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఎండ నలభై డిగ్రీలు దాటిన ఒక జనవరి మధ్యాహ్నం భార్య బెరిల్‌తో ఆడుతూ అతను తెర మీది పచ్చిక కోర్టు మూలకు బంతి కొట్టాడు.

"అవుట్," అంది బెరిల్.

టీవీ ఆ బంతిని నెమ్మదిగా మళ్ళీ చూపించింది. అది గీత అంచున పడింది.

"నలభై రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను, నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళాయని," అన్నాడు డెస్మండ్.

అప్పట్లో ఆల్బరీ అనే ఊళ్ళో ఒక సెమీఫైనల్. గీత దగ్గర అంపైరుగా కూర్చున్న బెరిల్ ఇలాంటి బంతినే అవుట్ అంది. అతను ఆమె మీదికి గొడవకు వెళ్ళాడు. మ్యాచ్ పోయింది, దానితోపాటు మెల్‌బోర్న్ పెద్ద పోటీలో ఆడే అవకాశమూ పోయింది. సాయంత్రం మళ్ళీ గొడవపడటానికి వాళ్ళింటికే వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది.

బెరిల్ ఆట ఆపేసింది.

"డెస్, ఆ రోజూ అది లోపలే పడింది. బంతి తగిలి గీత మీది సున్నం పొడి లేవడం చూశాను. అప్పటికే తొందరపడి అనేశాను. అంతమందిలో మాట మార్చుకోవడానికి సిగ్గేసింది."

అతను చేతిలోని రిమోట్ పక్కన పెట్టాడు.

"తిట్టాలనుంటే తిట్టు."

"ఎలా తిట్టను? నాకూ అవుట్‌గానే కనబడింది," అన్నాడు డెస్మండ్. "నీతో మాట్లాడే దారి దొరక్క గొడవ పెట్టుకున్నాను."

తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"అయితే ఆ రోజు నేను నిజంగానే గెలిచేవాణ్ణా?"