నల్ల టేపు

సింథసైజర్ వెనక పలక విప్పి నేల మీద పెట్టి ఉంది. దాని మీద అంటించిన నల్ల టేపు ఒక మూల లేచిపోయింది.

గ్లిన్ కళ్లు ముందు ఆ టేపు మీదే పడ్డాయి. కంపెనీ పేరు జనానికి కనపడకుండా అది అంటించింది తనే. పాటలు ముగియగానే శబ్దాన్ని మార్చే నాబ్‌లన్నీ సున్నాకు తిప్పేసేదీ తనే. కీబోర్డు వాయించే ప్రతివాడూ చేసే పనే అది. ఏ వాద్యమో, ఏ నాబ్ ఎంత తిప్పాలో బయటికి పొక్కితే వారం తిరిగేసరికి పక్క ఊరి బ్యాండు అదే మోత వాయించేస్తుంది.

పోయిన వారం అదే జరిగింది. స్టాఫర్డ్ కుర్రాళ్లు గ్లిన్ శబ్దాన్ని అచ్చంగా దించేశారు. గుట్టు ఎవడు లాగాడా అని అప్పటినుంచి వెతుకుతున్నాడు. పైగా ఈ సాయంత్రం ఏడింటికి, హాన్లీలోని ఈ హాలుకే, లండన్ నుంచి రికార్డుల కంపెనీ మనిషి వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే రికార్డు. లేదంటే మళ్లీ పింగాణీ ఫ్యాక్టరీలో కప్పులు తోమడమే.

వ్యాను డ్రైవరు సామాను దించి, తలుపు వేయకుండానే పోయాడు. ఎదుటి పబ్బులో తాగుతున్న గ్లిన్, డ్రమ్మర్ బార్నీతో కలిసి అయిదింటికి కాస్త ముందే వచ్చాడు.

వాద్యం వెనక ఎవడో వంగి ఉన్నాడు.

రెయిన్‌కోటు ముసలాయన. నాలుగేళ్లుగా ప్రతి ఊళ్లోనూ కనిపించేవాడే. జనమంతా గిటారు వాడి వైపు ఎగబడుతుంటే ఈయన మాత్రం కీబోర్డుకు ఎదురుగా నిలబడి చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. అలాంటి పిచ్చివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. ఏ బ్యాండులో ఎవరు ఏ పాత సింథసైజర్ వాయిస్తున్నారో కనిపెడితే వాళ్లకదే పండగ. గ్లిన్ ఈయన్ని కూడా ఆ జాబితాలో కలిపేశాడు. పేరైనా అడగలేదు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

ముసలాయన ఉలిక్కిపడలేదు. "సగమే అయింది నాయనా. పై సగం మిగిలింది. ఇంకో పావుగంట ఇవ్వు."

సగం దోచుకున్నవాడు మిగతా సగానికి తననే గడువు అడుగుతున్నాడు. గ్లిన్‌కు ఒళ్లు మండిపోయింది.

కాలరు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. మొదటి గుద్దుకు ముసలాయన పెదవి చిట్లింది. రెండో గుద్దుకు ఖాళీ బీరు పీపాల మధ్య పడ్డాడు. బార్నీ తన వంతుగా డొక్కలో రెండు తన్నాడు. పుస్తకం బురదలో పడితే దాన్ని బూటుతో తొక్కి ముద్ద చేశాడు.

ముసలాయన ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు.

"ఏదో దాస్తున్నాడురా, లాగు" అన్నాడు బార్నీ.

లాగితే కుడిచేతిలో సన్నటి స్క్రూడ్రైవర్ దొరికింది. వీడు శబ్దం దొంగిలించడంతో ఆగలేదు, వాద్యాన్నే చెడగొట్టడానికి వచ్చాడు అనుకున్నాడు గ్లిన్.

"ఎవడు పంపాడు నిన్ను? స్టాఫర్డ్ వాళ్లేనా?"

"చేతులొద్దు నాయనా. ఇంకెక్కడైనా కొట్టు."

ఆ మాటే కొంప ముంచింది. గ్లిన్ ఆ చేతిని ఇటుకల మీద పరిచి బూటు మడమతో తొక్కాడు. మూడుసార్లు తొక్కాడు. ఎముకలు విరిగిన చప్పుడు విని బార్నీయే అతన్ని వెనక్కి లాగాడు.

పేరు చెప్పు, పోలీసులకు పట్టిస్తాం అని బార్నీ గద్దించాడు. ముసలాయన రక్తం ఉమ్మి, అమోస్ బ్లోర్ అన్నాడు. గోడ పట్టుకుని లేచి, హాల్లో ఉక్కగా ఉంది, పై సగం జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు. గ్లిన్ దాన్ని బెదిరింపు అనుకున్నాడు. బార్నీ పలక తెచ్చి, లోపలికి చూడకుండానే బిగించేశాడు.

ఏడింటికి హాలు కిక్కిరిసింది. గ్లిన్‌కు బెంగ లేదు. దీపాల వేడికి తమ సింథసైజర్లు శ్రుతి తప్పుతున్నాయని మిగతావాళ్లు ఏడుస్తుంటే, నాలుగేళ్లలో తనది ఒక్కసారీ తప్పలేదని, అదంతా తన చేతి మహిమని పబ్బుల్లో కోతలు కోసేవాడతను.

రెండో పాటలో తప్పింది. కింది సగం స్వరాలు గిటారుతో చక్కగా కలిశాయి. పై సగం తోక తొక్కిన పిల్లిలా అరిచింది. నాబ్‌లు తిప్పేకొద్దీ ఇంకా చెడింది. ఎవరో సీసా విసిరారు, గ్లిన్ నుదురు చీలింది. గిటారు వాడు పాట ఆపి వచ్చి, అందరి ముందూ అతని మూతి మీద గుద్దాడు. లండన్ మనిషి మూడో పాట వినకుండానే వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక, ఆ ముసలాడు లోపల ఏం తగలేశాడో చూస్తానంటూ గ్లిన్ అదే స్క్రూడ్రైవర్‌తో పలక విప్పాడు. కొన్నాక లోపలికి చూడటం అదే మొదటిసారి.

ఒక్క తీగా తెగలేదు. దుమ్ము కూడా లేదు. పలక లోపలి వైపు పెన్సిల్ రాత నిండా ఉంది. డెర్బీ, శ్రుతి సరిచేశాను. లీడ్స్, సరిచేశాను. క్రూ, చలికి శ్రుతి దిగింది, సరిచేశాను. నాలుగేళ్లలో బ్యాండు వాయించిన ప్రతి ఊరూ ఉంది. చివర హాన్లీ. దాని పక్కన ఏమీ లేదు.

గ్లిన్‌కు ఏడుపొచ్చింది. నుదుటి నెత్తురు పలక మీద పడితే మోచేత్తో తుడిచాడు. తుడిచినచోట, అన్ని ఊళ్లకూ పైన, వెలిసిపోయిన అక్షరాల్లో అదే చేతిరాత కనిపించింది: "చేసినది, అమోస్ బ్లోర్, 1970."