ఒకే గుంట మట్టి

“ఇంకోసారి చూడు తల్లీ. మాది కాదేమో!”

పొద్దుటి నుంచి బావోలాన్ ఈ మాట అనడం ఇది మూడోసారి. సుయిన్‌కి విసుగొచ్చింది. చ్వాన్‌జౌ రేవు దగ్గర సముద్రంలో ఎనిమిది వందల ఏళ్ళ కిందట మునిగిన ఓడ దగ్గర ఈతగాళ్ళు వేల గిన్నెలు తీశారు. ఏ గిన్నె ఏ బట్టీదో సుయిన్ మట్టిని పరీక్షించి తేల్చింది. ఒక్క గిన్నె మాత్రం ఎవరి మట్టితోనూ కలవలేదు. మిగిలింది ఈ ముసలావిడ బట్టీయే. అందుకే మట్టి తెమ్మని కబురు పెట్టింది.

“కలిస్తే మీ ఊరి పేరు మారుమోగిపోతుంది పెద్దమ్మా! మీరేమో మొహం వేలాడేసుకుని కూర్చున్నారు.”

“ఆ మట్టి ఇంకెవరైనా వాడారేమో...”

“ముత్తాతల నాటి నుంచీ ఆ మట్టి గుంట మీదేననీ, పిడికెడు మట్టి కూడా పైవాళ్ళకి ఇవ్వరనీ మీరేగా చెప్పారు!”

బావోలాన్ సంగతి ఆవిడను తీసుకొచ్చిన డ్రైవరు ముందే సుయిన్ చెవిన వేశాడు. ఇరవై రెండేళ్ళ కిందట చేపల వేటకని వెళ్ళిన మొగుడు ఎవతెతోనో మనీలా పారిపోయాడని ఊరంతా నవ్వుతుందట. ఈవిడేమో, “ఎక్కడున్నా చల్లగా ఉంటే చాలు” అంటుందట. ఇంత కష్టం చూసిన మనిషికి గుంట కూడా పోతుందన్న భయం కాబోలనుకుంది సుయిన్. పాపం అనిపించింది.

“సర్కారు వాళ్ళు కంచె వేసి గుంట లాక్కుంటారని బెంగా? మీ జోలికి ఎవరూ రారు. నాది పూచీ.”

మట్టిని పరీక్షించే ఎక్స్‌రే యంత్రం ఆగింది. గిన్నెలోనూ మట్టిలోనూ ఇనుము, టైటానియం, రుబీడియం పాళ్ళన్నీ తు.చ. తప్పకుండా కలిశాయి.

“మీదే పెద్దమ్మా! మీ పూర్వీకుల చేతి పని!”

బావోలాన్ గిన్నెను రెండు చేతుల్లోకి తీసుకుంది. “ఏ కాలం నాటిదో కూడా చెప్తుందా మీ యంత్రం?”

“చెప్పదు. ఏ ఊరి మట్టో చెప్తుందంతే. ఓడ దగ్గర దొరికింది కాబట్టి ఓడంత వయసని రాసుకుంటాం.”

“మేం ఇప్పటికీ ఆ మట్టే, ఆ బూడిద పూతే వాడతాం.”

“మరి పేరంటే అదీ! ఏడుస్తారేంటి పెద్దమ్మా, సంతోషించక?”

బావోలాన్ గిన్నెను గుండెలకు హత్తుకుని భోరుమంది.

“ఆ రోజు మా ఆయనకి పడవలోకి అన్నం పెట్టిచ్చిన గిన్నె ఇది.”