గోడవైపు తిరిగిన మనిషి

హైదరాబాదుపై పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవిలో, బోయిగూడలోని తుకారాం ఇంటి వాకిట జరిగిన విచారణకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో: ఇంటి యజమాని తుకారాం, ఆయన భార్య బుచ్చమ్మ, బెజవాడ నుంచి వచ్చి ముందు వాటాలో అద్దెకు దిగిన శ్యామలమ్మ, సివిల్ సప్లైస్ గుమాస్తా అయిన ఆమె భర్త.

కూర్చోకుండా, గోడవైపు తిరిగి నిలబడినవాడు వెనక గదిలో ఉండే హనీఫ్.

ఫిర్యాదు శ్యామలమ్మది.

ఈ మనిషి వాకిట్లో అడుగుపెట్టబోతూ ప్రతిసారీ దగ్గుతాడు. అది జబ్బు దగ్గు కాదు. ఏదైనా అడిగితే వీపు తిప్పి గోడకు జవాబు చెబుతాడు. ఆడవాళ్లను చూసి దగ్గేవాళ్లను బెజవాడలో ఏమంటారో ఆమెకు తెలుసు. రజాకార్ల సంగతులు అక్కడి పత్రికల్లో ఆమె చదవని రోజు లేదు. బట్టలు ఆరేయాలన్నా, నీళ్లు పట్టాలన్నా ఆ దగ్గు కోసం చెవులు రిక్కించుకుని బతకాల్సి వస్తోంది.

"నిజాం రాజ్యం పోయినా వీళ్ల పొగరు పోలేదండీ. ఇతన్ని ఖాళీ చేయించండి. లేకపోతే మావారు ఠాణాలో చెబుతారు."

తుకారాం మొహం వాడిపోయింది. ఆ రోజుల్లో హనీఫ్‌లా టోపీ పెట్టుకున్నవాణ్ణి ఠాణాకు పంపడానికి ఒక్క మాట చాలు. తిరిగి తీసుకురావడానికి ఎన్ని మాటలూ చాలవు.

"నువ్వేమంటవ్, హనీఫ్ భాయ్?"

"అమ్మకు తక్లీఫ్ అయితుందంటే నేనే పోత, తుకారాం భాయ్."

"చూశారా? ఇప్పుడు కూడా గోడతోనే!" అంది శ్యామలమ్మ.

బుచ్చమ్మ ఏదో చెప్పబోయింది. భర్త కళ్లతోనే వారించాడు.

మర్నాడు హనీఫ్ తన ముసలి తల్లి రసూల్ బీని పరదా కట్టిన జట్కా ఎక్కించి, తాను వెనక నడుస్తూ వెళ్లిపోయాడు. సర్కారు నౌకరీ అంతకుముందే పోయింది. ఇప్పుడు గది కూడా పోయింది. నేరేడ్‌మెట్ వైపు వెళ్లాడని కొందరన్నారు.

పీడ విరగడైందని శ్యామలమ్మ నల్లా దగ్గర ఊపిరి పీల్చుకుంది.

బుచ్చమ్మ బిందె కింద పెట్టింది.

"పరాయి ఆడోళ్లున్న తావుకు వచ్చేముందు దగ్గుతరమ్మా, వాళ్లు జెర సర్దుకోనీకి. మొఖం చూడకుండ గోడ దిక్కు తిరుగుతరు. అదే వాళ్ల మర్యాద."

శ్యామలమ్మ చేతిలోని చెంబు ఆగింది.

"ఆ మాట నిన్ననే చెప్పకూడదూ?"

"మీరు అడగలే. ఫిర్యాదు జేసిన్రు."

శ్యామలమ్మకు ఉక్రోషం వచ్చింది. కొత్తవాళ్లకు ఇక్కడి పద్ధతులు ఎలా తెలుస్తాయని నిలదీసింది. ఆంధ్రోళ్లంటూ వెనక గొణగడం తమకు వినబడడం లేదనుకుంటున్నారా అని అడిగింది.

"అంటరు. మీరు కొలువులు గుంజుకుంటరని, మమ్మల్ని మనుషులనుకోరని అంటరు. మీకు ఇల్లియ్యొద్దని గల్లీల అందరూ అన్నరు. మా ఆయన సుత వద్దన్నడు."

"మరి ఇచ్చారుగా?"

జవాబు గడప దగ్గర నిలబడ్డ తుకారాం చెప్పాడు.

"ఒకాయన పూచీ నిలబడ్డడు. మనుషులు రాకముందే పేర్లు పెట్టొద్దు, వచ్చినంక చూద్దామన్నడు. గిప్పుడు ఆ పూచీ సుత లేదమ్మా. రేపు గల్లీల ఎవలన్న అడిగితే మీ దిక్కు ఎవరు నిలబడ్తరో నాకు తెల్వదు."

పరాయి ప్రాంతపు కుటుంబానికి ఆ వీధిలో ఎవరూ ఇల్లివ్వని రోజున, వారి మొహమైనా చూడకుండా పూచీ నిలిచి, తాను తల్లితో కాపురముంటున్న ముందు వాటాను వారికి ఖాళీ చేసి ఇచ్చి, వెనక గదిలోకి మారినవాడు షేక్ హనీఫ్ అని ఇందుమూలంగా సగౌరవంగా నమోదు చేయడమైనది.