అంటుకోని ఒత్తి

చౌడేశ్వరి అగ్గిపుల్ల గీయడం అదే మొదటిసారి. వేలు చురుక్కుమన్నాక గాని నిప్పు ఇంత వేడిగా ఉంటుందని ఆమెకు నమ్మకం కలగలేదు. ఇళ్లలో మంట మానేసి నలభై ఏళ్లయింది. ఈ ఇంట్లో మాత్రం ఏడాదికొక్క రోజు పేరంటాలమ్మ గూటి ముందు అగ్గిపెట్టె బయటికొస్తుంది.

పేరంటాలమ్మంటే ఈ ఇంటి ఒకప్పటి కోడలు సుబ్బులే. కిరసనాయిలు పొయ్యి దగ్గర చీర కొంగంటుకుని పోయింది. ప్రమాదమన్నారు, ఇంకెవరూ ఏమీ అడగలేదు. తర్వాత పసుపు పూసి అమ్మవారిని చేశారు.

ఆమె దీపానికి ఒత్తి కొత్తకోడలు కట్టి విడిచిన చీరదే కావాలట. చౌడేశ్వరి అంచు చింపి, మెలిపెట్టి, నూనెలో ముంచి వెలిగించబోయింది. మంట సోకగానే ఒత్తి బుసబుసా నురగ కక్కి దాన్ని ఆర్పేసింది. ఇప్పటి చీరలన్నీ అంతే చేస్తాయని ఆమెకు తెలుసు. ఒత్తి కూడా చీర ముక్కేనని మాత్రం తట్టలేదు. మరో రెండు చీరలు చింపింది. అవీ అంతే.

"అత్తయ్యా, ఒక్కటీ వెలగట్లేదు! అమ్మవారికి కోపమొస్తుందేమో. పాతకాలం చీరేదైనా ఉందా?"

నాంచారమ్మ నవ్వింది. "నా మొదటేడు నేను నాలుగు చింపానే, పిచ్చిపిల్లా! ముందే చెబితే నీ కళ్లతో నువ్వు చూస్తావా?"

ఆ తడి ఒత్తినే తీసి గూట్లో పెట్టి, చేతులు జోడించింది.

"చూసుకో తల్లీ, మన కొత్తకోడలి చీర. అంటుకోలేదు."